నిలబడి నొక్కిన బటన్లు

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినపడితే చాలు, నేను కుర్చీలోంచి లేచేదాన్ని. లెమ్మని ఎవరూ చెప్పనక్కర్లేదు, నా మోకాళ్లకే తెలిసిపోయింది. నేను లేచేసరికి మా ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టి వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. మౌస్ ఆయన కుడిచేతిలోకి పోయేది. నేను ఆయనకు ఎడమ పక్కన నిలబడి కీబోర్డును బల్ల అంచుకు లాక్కునేదాన్ని. వచ్చినవాళ్లు ఆయనకు నమస్తే పెట్టి, నన్ను చూసి, "ఓ గిలాస మంచినీళ్లు ఇయ్యమ్మా" అనేవాళ్లు. నీళ్లు తెచ్చిచ్చి మళ్లీ వచ్చి నిలబడేదాన్ని.

పాలమూరులో గడియారం చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక సందులో మా స్టూడియో. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో పూలపూల పరదా. మా మామ రామచంద్రయ్య ఆ సందులో మొదట కెమెరా పెట్టిన మనిషి. ఆయన పోయాక మా ఆయన అమరేందర్ నడుపుతున్నాడు. పెండ్లిళ్లకు ఫోటోలు తీయడంలో మా ఆయన చెయ్యి మంచిదే, కాదనను. కానీ పాత ఫోటోలను బాగుచేసే కంప్యూటర్లు హైదరాబాదు నుంచి మా ఊరిదాకా వచ్చేశాయి. చిరిగినవి, చెదలు తిన్నవి, చెమ్మకు ముఖం సగం ఊడిపోయినవి, జనం సందుగ పెట్టెల అడుగు నుంచి తీసి పట్టుకొచ్చేవాళ్లు. పక్క చౌరస్తాలో ఇంకొకాయన కంప్యూటర్ పెట్టాడని మా ఆయన కూడా కొన్నాడు. కొన్నాక అది ఆయనకు లొంగలేదు. అప్పుడు ఇంట్లోవాళ్లకు నా డిగ్రీ గుర్తొచ్చింది.

"బీఎస్సీ చదివిన పిల్ల ఇంట్లనే ఉండంగ బయటోనికి జీతమిచ్చుడెందుకు?" అంది మా అత్త బాలనర్సమ్మ.

ఆ మాటలో నాకు మొదట గౌరవమే వినపడింది. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. బాపు సోమన్న, అమ్మ బిక్షమ్మ, ఇద్దరూ కూలికి పోయి బతికినవాళ్లే. మా వాడలో డిగ్రీ పట్టా చేతపట్టుకున్న మొదటి మనిషిని నేను. అంత కష్టపడి చదివిన చదువును ఎవరో ఒకరు వాడుకుంటే అదే పదివేలు అనుకునే కాలం అది. లియాఖత్ అలీ సారు నడిపే కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. పొద్దున్నే లేచి వంట ముగించి, మధ్యాహ్నం సెంటర్‌కు పోయి, సాయంత్రం దుకాణంలో కూర్చుని నేర్చుకున్నది చేసి చూసుకునేదాన్ని. జీతమెందుకు అన్న మాటకు అర్థం చాలా రోజుల తర్వాత గానీ నాకు తలకెక్కలేదు. చదువుకున్న మనిషి ఇంట్లో దొరికింది కాబట్టి జీతం మిగిలింది. అంతే, అందులో గౌరవం లేదు.

మొదట్లో నేనే కూర్చునేదాన్ని. ఒకాయన వాళ్ల నాయన ఫోటో తీసుకొచ్చి, నన్ను చూసి, ఫోటోను మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాడు. "ఆడామె చేస్తదా? ఉన్నది గిదొక్కటే ఫోటో. ఖరాబైతే ఎట్ల?" అన్నాడు. మా ఆయన లోపలి నుంచి పరుగున వచ్చి, "నేనే చేస్తనన్నా, ఆమె జర తుడుస్తాంది గంతే" అని నన్ను లేపి కూర్చున్నాడు. ఆ సాయంత్రం అన్నం తింటూ, "వాళ్ల నమ్మకం కోసం అన్న మాట. నువ్వు దిల్‌కు తీసుకోకు. పని ఎవరు చేస్తే ఏంది? ఇల్లు ఒక్కటే గద" అన్నాడు.

ఇల్లు ఒక్కటే. ఈ మాట మా ఇంట్లో ఎప్పుడూ నా వైపు తిరిగి మాత్రమే పలికేవారు. నా చీర అంచు చిరిగితే, ఆడబిడ్డకు కొత్తది కొన్నారు కదా, ఇల్లు ఒక్కటే. జ్వరంతో లేచి చపాతీలు ఒత్తితే, ఎవరో ఒకరు చేయాలి కదా, ఇల్లు ఒక్కటే. ఒక్కటే అయిన ఆ ఇంట్లో అంట్లు మాత్రం నావి, కుర్చీ మాత్రం ఆయనది.

అలా మొదలైంది నా నిలబడడం. అసలు పని, అంటే మరకలు తుడవడం, చిరుగులు అతకడం, ఊడిన కంటికి రెండో కంటిని చూసి రెప్ప గీయడం, అంతా మధ్యాహ్నం ఎవరూ రాని వేళ నేను ఒక్కదాన్నే కూర్చుని చేసేదాన్ని. జనం వచ్చినప్పుడు మాత్రం చూపించడం ఉండేది. "గా కన్ను జర పెద్దగ చూపియ్యన్నా", "గా మూలకు ఏమున్నది?" అని అడిగేవాళ్లు. ఫోటోను పెద్దది చేస్తే తెర మీద ఒక్క ముక్కే పడుతుంది. మిగతాది చూడాలంటే జరపాలి. స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే బాణం గుర్తు చిన్న చెయ్యిగా మారుతుంది, ఆ చేత్తో ఫోటోను ఎటంటే అటు లాగొచ్చు. కానీ లాగాల్సింది మౌస్‌తో. మౌస్ ఆయన దగ్గర. నేను స్పేస్ బార్ నొక్కితే ఆయన లాగేవాడు. వాళ్లు అడిగింది ముక్కుపుడక అయితే ఆయన లాగింది వెనక గోడ దాకా. "ఏడికి పోతాంది ఇది?" అని నవ్వి, బల్ల కింద కాలితో నన్ను పొడిచేవాడు.

అందుకే మౌస్ అక్కర్లేని బటన్లు వెతుక్కున్నాను. అవి సెంటర్‌లో చెప్పలేదు. "గివన్ని ఎవరు యాద్ పెట్టుకుంటరమ్మా, మౌస్ ఉన్నది గద" అనేవారు లియాఖత్ అలీ సారు. మౌస్ నా దగ్గర లేదని ఆయనకు ఎలా చెప్పను? కంప్యూటర్ లోపలే ఇంగ్లీషులో సాయం పేజీలు ఉండేవి. డిక్షనరీ పక్కన పెట్టుకుని, అన్నం ఉడికేలోపు ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాను. కంట్రోల్ పట్టుకుని కూడిక గుర్తు నొక్కితే ఫోటో దగ్గరికొస్తుంది, తీసివేత గుర్తు నొక్కితే దూరం జరుగుతుంది. కంట్రోల్‌తో సున్నా నొక్కితే మొత్తం ఒక్క చూపులో కనపడుతుంది. ఆ రెండింటికీ తోడు ఆల్ట్ కూడా పట్టుకుంటే ఏ చుక్కా నలగకుండా అసలు కొలతలో నిలబడుతుంది. హోమ్ నొక్కితే ఎడమ పై మూలకు, ఎండ్ నొక్కితే కుడి కింది మూలకు ఒక్క దూకు. పేజ్ డౌన్‌తో ఒక తెర కిందికి, పేజ్ అప్‌తో పైకి. వాటికే కంట్రోల్ కలిపితే కుడికి, ఎడమకు. అవి వచ్చాక ఆయన చేతిలోని మౌస్ ఎటు తిరిగినా నాకు అడ్డం లేకుండా పోయింది. వాళ్లు ముక్కుపుడక అంటే ముక్కుపుడక, చెవికమ్మ అంటే చెవికమ్మ. అందరూ ఆయన కుడిచేతినే చూసేవాళ్లు.

"సారు చెయ్యి చూడు, ఎట్ల తిరుగుతాందో" అనేవాళ్లు.

నా చెయ్యి ఎవరికీ కనపడేది కాదు. నా ఇతర పనులు కూడా ఎవరికీ కనపడేవి కావు కాబట్టి అప్పట్లో నాకు అది వింతగా తోచలేదు. పైగా మా అత్త అనేది, "నిలబడి బటన్లు ఒత్తుడు సుత పనేనా? నేను నిలబడి వాడకట్టు అందరి వడ్లు దంచిన." మధ్యాహ్నం కూర్చుని చేస్తుంటే మళ్లీ ఆమే, "కూసుండి చేసేది పనెట్లయితది?" అనేది. నిలబడ్డా పని కాదు, కూర్చున్నా పని కాదు. సాయంత్రానికి పిక్కలు మాత్రం రాయిలా గట్టిపడేవి.

ఒక్క సంగతిలో మాత్రం నేను ఎవరి మాటా వినేదాన్ని కాదు. ఫోటో పూర్తయిందని అనిపించాక అసలు కొలతలో పెట్టి, హోమ్ నొక్కి, పై మూల నుంచి మొదలుపెట్టేదాన్ని. పేజ్ డౌన్, పేజ్ డౌన్ అంటూ అడుగు దాకా దిగి, కంట్రోల్‌తో ఒక తెర కుడికి జరిగి, పేజ్ అప్ కొడుతూ మళ్లీ పైకి. మా అమ్మ పల్లిచేన్లో కలుపు తీసేటప్పుడు మునుం పట్టేది. మునుం అంటే ఒక్కో కూలిమనిషి వంతుకు వచ్చే సాళ్ల పట్టె. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తన మునుంలో ఒక్క గడ్డిపోచ మిగలకుండా పోవాలి, తర్వాతే పక్క మునుం. "నడిమిట్ల నడిమిట్ల పీకితే కండ్లకు శుభ్రం కనపడ్తది, చేను మాత్రం కాదు బిడ్డా" అనేది అమ్మ. మౌస్‌తో అక్కడక్కడ లాగి చూస్తే సరిగ్గా అలాగే అవుతుంది. చూసినదాన్నే నాలుగుసార్లు చూస్తాం, చూడని మూల చూడకుండానే ఉండిపోతుంది. "అయిపోయింది గదనే, ఇంకెంతసేపు టకటక?" అని మా ఆయన విసుక్కున్నా మునుం పూర్తయ్యేదాకా ప్రింటు వేసేదాన్ని కాదు.

అప్పుడు వచ్చాడు పర్వతాలన్న. మా ఆడబిడ్డ కళావతి భర్త. నారాయణపేటలో చీరల దుకాణంలో పనిచేసేవాడు, ఆ దుకాణం మూతపడింది. కళావతి మగ్గాల వాళ్లకు కండెలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. పర్వతాలన్న చెడ్డవాడు కాదు, మాట మెత్తన. చేతిసంచితో దిగిన పొద్దున మా ఆయన నాతో, "జర తొందరగ నేర్పు బావకు. ఆయన కూసుంటడు, నేను బయట పెండ్లిళ్లు చూసుకుంట. నువ్వింక హాయిగ ఇంట్ల ఉండొచ్చు" అన్నాడు. నాకు పెద్ద సెలవు ఇస్తున్నట్టు నవ్వాడు కూడా.

పరదా వెనక మా అత్త. "ఆడబిడ్డ సంసారం నిలబెట్టిన పుణ్యం నీకే దక్కుతది మణెమ్మా."

నాకు పుణ్యం, ఆయనకు కుర్చీ, జీతం. మధ్యాహ్నం వేళ, ఎవరూ రాని ఆ కాస్తసేపు, ఊడిన ముఖాలకు కళ్లు తెచ్చే ఆ పని నా పొద్దులో నాదని చెప్పుకోగలిగిన ఒకే ఒక్క ముక్క. దాన్ని నా చేతులతోనే తీసి ఇవ్వమంటున్నారు. వద్దని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. చెప్తే ఆడబిడ్డ నోటికాడి కూడు తన్నినదాన్ని అవుతాను. చిన్నప్పటి నుంచి ఎవరు చెప్పినా తలూపి చేసిన అలవాటు, నేర్పడానికే కూర్చున్నాను. కూర్చున్నాను అనడం తప్పు. ఆయన కూర్చున్నాడు, నేను నిలబడి నేర్పాను.

"గా బటన్లు నాకు యాదుంటలేవు చెల్లె. అవి నువ్వే నొక్కు, నేను మౌస్ పడ్త" అన్నాడు పర్వతాలన్న.

"యాదుంచుకోవాలె అన్నా. చివరికొకసారి మూలమూల చూడాలె, లేకుంటే..."

"మొత్తం కనపడ్తనే ఉన్నది గద" అని నవ్వేశాడు.

ఇంతలో మా అత్తకు కంటి ఆపరేషన్ వచ్చింది. జిల్లా దవాఖానలో మంచం పక్కన ఉండాల్సింది ఎవరు? కొడుకుకు పెండ్లి ఆర్డరు, అల్లుడికి కొత్త పని. నేనే. కంటికి కట్టుతో మా అత్త, ఆమెకు గంజి తాపుతూ నేను, వార్డులోనే ఉన్నాం. ఆ సమయంలోనే ఐలేశం పెద్దయ్య మా దుకాణానికి వచ్చాడు.

నీళ్ల ట్యాంకు దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య బుచ్చమ్మ చనిపోయింది. దినాలకు దండ వేయడానికి ఫోటో కావాలి. ఆమె బతుకంతా ఒక్కతే ఎన్నడూ ఫోటో దిగలేదు. ఎవరిదో పెండ్లిలో దిగిన పెద్ద గుంపు ఫోటోలో, రెండో వరసలో, ఆమె ఉంది. అందులోంచి ఆమెను తీసి పెద్దది చేసి ఇవ్వాలి. ఆ పని పర్వతాలన్న చేశాడు. మొత్తం తెరలో పెట్టుకుని చూస్తే బాగానే కనపడింది. ప్రింటు వేసి, ఫ్రేముకు ఇచ్చేశారు.

మేం దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు ఐలేశం పెద్దయ్య ఫ్రేమును తువ్వాలలో చుట్టుకుని మళ్లీ వచ్చాడు. నేను పరదా దగ్గర నిలబడి అత్త కంట్లో వేయాల్సిన మందు సీసా మూత తీస్తున్నాను. కుర్చీలో పర్వతాలన్న, కౌంటర్ దగ్గర మా ఆయన, బెంచీ మీద పాస్‌పోర్ట్ ఫోటోల కోసం వచ్చిన గాజుల హుస్సేన్ బీ. పెద్దయ్య తువ్వాల విప్పి ఫ్రేమును కౌంటర్ మీద నిలబెట్టాడు.

బుచ్చమ్మ ముఖం బాగానే ఉంది. ఎడమ భుజం మీద మాత్రం నాలుగు వేళ్లు ఉన్నాయి. తెర మీద చిన్నగా చూసినప్పుడు చీర మడత అనుకుని ఉంటారు. పెద్దదయ్యాక గోళ్లతో సహా మగవాడి వేళ్లని తెలిసిపోతోంది. చెయ్యి లేదు, మనిషి లేడు, వేళ్లు మాత్రం పట్టుకుని ఉన్నాయి.

హుస్సేన్ బీ బెంచీ మీంచి మెడ చాపింది. "హాయ్ అల్లా! భుజం మీద ఎవని చెయ్యి అన్నా గది? సచ్చినంక సుత ఇడుస్తలేడు!"

పెద్దయ్య మా ఆయన వైపు తిరిగాడు. "రేపు దినాలు. చుట్టపోళ్లంత వస్తరు. దండ ఏసి మొక్కుతరు. గా వేళ్లెవనివని అడిగితే నేనేం చెప్పాలె?"

పర్వతాలన్న మౌస్ మీంచి చెయ్యి తీసేసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మా ఆయన ఒకసారి ఆయన వైపు చూశాడు. బావను మాట పడనివ్వలేడు, తాను పడలేడు. చటుక్కున పరదా వైపు వేలు చూపించాడు.

"మా ఆమె చేసింది పెద్దయ్యా. ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే ఉంటది. నేను మళ్ల చేసిస్త."

మందు సీసా నా చేతిలో అలాగే ఉండిపోయింది. నా వెనక మంచం మీద మా అత్త ఉంది. ఆ ఫోటో చేసిన రోజు నేను ఎక్కడున్నానో ఈ లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి. ఆమె దగ్గింది. అంతే.

ఆ నిమిషంలో నాకు కోపం రాలేదంటే నమ్మరు. వింతగా అనిపించింది. ఇన్నాళ్ల తర్వాత ఈ దుకాణంలో, నలుగురి ముందు, మా ఆయన నోటితో, పని నేను చేశానన్న మాట వచ్చింది. నేను చేసినవాటికి రాలేదు, చేయనిదానికి వచ్చింది. ముక్కుపుడకలు, రెప్పలు, అతికిన చిరుగులు, అన్నీ సారు చేతివి. తప్పు మాత్రం మా ఆమెది. ఊరుకుంటే ఇది కూడా ఇల్లు ఒక్కటే అన్న మాట కిందికి పోతుంది. నేను కాదు అని ఒక్క మాట అంటే నిజమే అవుతుంది, కానీ అప్పుడు నేను అసలు ఏ పనీ చేయని ఆడమనిషిగా మళ్లీ పరదా వెనక్కి పోతాను. రెండూ నాకు ఇష్టం లేదు. సీసాకు మూత పెట్టి కౌంటర్ ముందుకు వచ్చాను.

"పెద్దయ్యా, గీ దుకాణంల ఇప్పటిదాక అయిన ఫోటోలన్ని నేనే చేసిన. గిది ఒక్కటే నేను చేయలే."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గట్టిగా లేదు, స్పష్టంగా ఉంది. హుస్సేన్ బీ గాజుల సంచి మీంచి తలెత్తి చూసింది. మా ఆయన, "లోపలికి నడు" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"పనయినంక వస్త" అన్నాను. "పర్వతాలన్నా, జర లేవుండ్రి."

ఆయన వెంటనే లేచాడు, పాపం, లేవమన్నందుకు బతికిపోయానన్నట్టు. నేను కూర్చున్నాను. పెద్దయ్యను స్టూలు లాక్కుని నా పక్కన కూర్చోమన్నాను. కూర్చుని, కుడిచేతిలో మౌస్, ఎడమచేతి కింద బటన్లు, రెండూ ఒకేసారి జనం ముందు నా దగ్గర ఉండడం చాలా నెలల తర్వాత అదే మొదటిసారి.

స్కాన్ చేసి పెట్టిన గుంపు ఫోటో తెరిచాను. మా కంప్యూటర్ నెమ్మది, వాన చినుకులు పడ్డట్టు ముక్కలు ముక్కలుగా బొమ్మ నిండింది. అసలు కొలతలో పెట్టి బుచ్చమ్మ భుజం దగ్గరికి పోయాను. అవే వేళ్లు. వేళ్ల వెనక మణికట్టు, తెల్ల చొక్కా మడత. ఆ చెయ్యి ఎటు పోతే అటు పోయాను. పేజ్ అప్ కొట్టాను, మోచెయ్యి. కంట్రోల్‌తో కుడికి జరిగాను, చొక్కా జేబు. మళ్లీ పేజ్ అప్. నల్లటి మీసాలతో, చమురు రాసి దువ్విన తలతో, కెమెరాకు బెదిరిపోయిన ఒక పడుచు మనిషి ముఖం తెర నిండా వచ్చి నిలబడింది.

పెద్దయ్య తెర దగ్గరికి వంగాడు.

"అరే! నువ్వేనా అన్నా!" హుస్సేన్ బీ లేచి వచ్చేసింది. "నీ చెయ్యే నీకు ఎరుకలేదా?"

"మా తమ్ముని పెండ్లి గది" అన్నాడు పెద్దయ్య మెల్లగా. "జాగ సాల్తలేదు, దగ్గరికి జరుగుండ్రి జరుగుండ్రి అని ఒర్రె ఫోటో ఆయన. బల్ల మీద నిలబడ్డ. పడ్తనేమో అని పట్టుకున్న, గంతే." తెర మీది ముఖం వైపు మళ్లీ చూశాడు. "మల్ల ఎన్నడు నలుగుర్ల గామె మీద చెయ్యేసింది లేదు. ఏడికి పోయినా ముందల నేను, ఎన్క గామె. నా చెయ్యి గామె మీద ఎట్లుంటదో నాకేం తెల్సు?"

"ఉంచు మరి, మంచిగనే ఉన్నది" అంది హుస్సేన్ బీ, కళ్లొత్తుకుంటూ. "కట్టుకున్నోనివే గద వేళ్లు."

నేను ఆయన వైపు చూశాను. ఉంచమంటే ఉంచేదాన్నే. పెద్దయ్య తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా, తీసెయ్. బతికినన్ని దినాలు ఎవరో ఒకరి ఎన్కనో పక్కనో ఉన్నది. గీ ఒక్క ఫోటోల గామె ఒక్కతే ఉండనీ."

వేళ్లు తీశాను. వాటి కింద చీర ఎలా ఉండేదో పక్క మడతను చూసి నేసుకొచ్చాను. ఎవరూ వెళ్లిపోలేదు. పూర్తయ్యాక పై మూలకు పోయి, ఒక్కో తెరా దిగుతూ, జరుగుతూ, ఎక్కుతూ మొత్తం చూశాను. పెద్దయ్య కూడా నాతోపాటు చూశాడు, కొప్పు, చెవుల కమ్మలు, మెడలో పుస్తెల తాడు, గుండీ ఊడిన రవిక. ఇంత దగ్గరగా ఆమెను ఎప్పుడైనా చూశాడో లేదో. ప్రింటు తీసి చేతికిచ్చాను. పోయేటప్పుడు ఆయన నమస్తే నాకు పెట్టాడు. అలవాటు లేక నేను తిరిగి పెట్టడం మరిచిపోయాను.

హుస్సేన్ బీ కూడా వెళ్లాక మా ఆయన షట్టర్ సగం దించాడు.

"నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్."

"నేను తీయలే. ఉన్నది చెప్పిన."

"ఇంట్ల మాట ఇంట్ల ఉండాలె. బావ కొత్తగ వచ్చిండు. నా మీద ఏసుకుంటే దుకాణం మీద మచ్చ. నీ మీద ఏస్తే ఏం పోతుండె? పని ఎవరు చేసినా..."

"ఇల్లు ఒక్కటే అంటరు" అన్నాను. "మంచిగయితే ఇల్లు ఒక్కటే. తప్పొస్తే మాత్రం మా ఆమె. ఇగ నుంచి నేను నిలబడి బటన్లు నొక్క. కూసుంటే చేస్త. జనమొచ్చినా కూసునే చేస్త. లేకుంటే ముట్టనే ముట్ట."

"ఓహో. నువ్వు ముట్టకపోతే దుకాణం బందయితదా? బావకు మొత్తం నేర్పు, ఆయనే చేస్తడు."

"నేర్పిన. ఆయనకు వద్దు గది."

పర్వతాలన్న గోడకానుకుని నిలబడి ఉన్నాడు. "నిజమే బావా" అన్నాడు నేల చూస్తూ. "నాకు చీరలు మడతవెట్టుడు వచ్చు, గిరాకీతోని మాట్లాడుడు వచ్చు. గది చూస్తే కండ్లల్ల నీళ్లొస్తున్నయ్. మార్కెట్‌ల బట్టల దుకాణపోళ్లను అడిగొస్త." చెప్పులు తొడుక్కుని సందులోకి వెళ్లిపోయాడు. మా ఆయన, "బావా, ఆగు" అంటూ వెనకే పోయాడు.

నేను పరదా తీసి లోపలికి వచ్చాను. మా అత్త కట్టు లేని కన్ను తెరిచి నన్నే చూస్తోంది. రెండో కంటి కట్టు పైకి జరిపి, మందు చుక్కలు వేయడానికి తల ఎత్తి పట్టుకున్నాను. చుక్క పడ్డాక కన్ను మూసుకుని అంది.

"గా దినం నువ్వు దవాఖాన్ల నా మంచం కాడనే ఉంటివి. నాకు ఎరుకనే."

"ఎరుకున్నప్పుడు చెప్పొద్దా అత్తా?"

"కొడుకు ముందలనా?" అంది. చుక్క ఒకటి చెంప మీదికి జారితే కొంగుతో తుడిచాను. "సరే, నువ్వు గెలిచినవ్. గని నా బిడ్డ సంసారం ఏం గావాలె? అల్లుడు రేపు మళ్ల నారాయణపేట బస్సెక్కుతడు. అడిగిన దుకాణంల పని దొరక్కుంటే?"

ఈ ప్రశ్న నాకు నేనే అప్పటికే వేసుకున్నాను, ప్రింటు బయటికి వస్తున్నప్పుడు. పర్వతాలన్న కుర్చీలో కూర్చున్నంత మాత్రాన నిలబడే సంసారం కాదది. దుకాణం మూతపడిన దగ్గర్నుంచి దాన్ని నిలబెడుతున్నది ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నా చేతిలాగే కండెలు చుట్టే కళావతి చెయ్యి కూడా.

"అన్నకు ఏడ పని దొరికితే ఆడ చేస్తడు" అన్నాను. "కళావతిని పంపు అత్తా. నేను నేర్పిస్త. పనికి జీతం ఆమె చేతికే ఇయ్యాలె, నాకు సుత నా చేతికే ఇయ్యాలె. ఇంకొక కుర్చీ తెప్పిస్త."

మా అత్త ముఖం పరదా వైపు తిప్పుకుంది. కొడుకు ఏమంటాడో లెక్కలు వేసుకుంటోందనుకున్నాను. కాదు. మూసిన కన్ను మీద చెయ్యి పెట్టుకుని, కొంచెం భయంగా, కొంచెం ఆశగా, తన బిడ్డ గురించి తనను తానే అడుగుతున్నట్టు అడిగింది.

"దానికి వస్తదా మణెమ్మా?"

"కూసుంటే వస్తది."